పోతుందోళ్లూ, పోదోళ్లూ, మధ్యలో ఎల్జీ

ఎల్జీ స్టాంపర్‌ని ముంచీ ముంచీ బ్రషీ వాగు అరిగిపోయింది. నమ్మనివాళ్లు వచ్చి చూసుకోవచ్చు. పిండిమర దిగువన వాగు మలుపు తిరిగే చోట ఒక మడుగుంది. మిగతా వాగంతా కోడిపిల్ల పాదాలు తడుపుకుని దాటేంత లోతే. ఆ మడుగు ఒక్కటే నిలువెత్తు. ఆ లోతు ఎక్కణ్ణించి వచ్చిందంటారు? ఎల్జీ వీపు నుంచి వచ్చింది. ప్రతి ఆగస్టులో పాస్టరు లోంజో ఫ్యూగేట్ అతన్ని వెల్లకిలా వంచి నీళ్లలో ముంచడం, ఆ వెడల్పాటి వీపు అడుగునున్న ఇసుకని ఇంత అవతలికి నెట్టడం, ఏళ్ల తరబడి ఇదే పని. ఆ మడుగులో చేపలు కూడా మారిపోయాయి. పైన మనిషి నీడ పడగానే కళ్లు మూసుకుని తల వంచి నిలబడతాయి. గాలమేసేవాళ్లు వాటిని చేత్తోనే తీసుకుంటారు.

ఒక మనిషిని అన్నిసార్లు ఎందుకు ముంచాల్సి వచ్చిందో తెలియాలంటే ముందు వాగు సంగతి తెలియాలి. కెంటకీ కొండల్లో ఈ వాగుకి అటొక చర్చి, ఇటొక చర్చి. రెండూ బాప్టిస్టు చర్చిలే. రెండు చోట్లా బాప్తిస్మానికి నీళ్లలో నిండా ముంచుతారు, రెండు చోట్లా గొంతు చించుకుని పాడతారు, రెండు చోట్లా ఆరాధన అయ్యాక ఆరుబయట బల్లలు వేసి వేయించిన కోడి వడ్డిస్తారు. తేడా ఒక్కటే. ప్రభువుని నమ్మి పాపాల నుంచి రక్షణ పొందినవాడికి ఆ రక్షణ మళ్లీ పోతుందా, పోదా? తూర్పు గట్టువాళ్లు పోతుందంటారు. నీ చేత్తో నువ్వే పుచ్చుకున్నావు, నీ చేత్తో నువ్వే జారవిడుచుకోగలవు అంటారు. పడమటి గట్టువాళ్లు పోదంటారు. పట్టుకున్నది నువ్వు కాదు, నిన్ను ఆయన పట్టుకున్నాడు, ఆయన చెయ్యి జారదు అంటారు. చర్చిల గుమ్మాల మీద పొడుగాటి పేర్లున్నాయి గానీ వాటిని చదివే తీరిక ఎవరికుంది? వాళ్లు పోతుందోళ్లు, వీళ్లు పోదోళ్లు. అంతే.

ఈ ఒక్క మాట మీద ఇక్కడ జరగని గొడవ లేదు. ఒకసారి అటు మనిషి, ఇటు మనిషి కలిసి బురదలో దిగబడ్డ ఆవుదూడని లాగుతూ ఈ వాదనలోకి దిగారు. తోక పట్టుకున్నవాడు పోతుందన్నాడు, చెవులు పట్టుకున్నవాడు పోదన్నాడు. వాళ్లు తేల్చుకునే లోపు దూడ తనంతట తనే బయటికొచ్చి, పెరిగి, ఈని, పాలివ్వడం మొదలెట్టింది.

ఎల్జీ పోతుందోళ్ల గట్టున పుట్టాడు. కొంతకాలం బొగ్గు గనిలో పనిచేశాడు. గని కప్పు అతని మీద ఒకసారి కూలి, ఎందుకో మనసు మార్చుకుని పక్కకి పడింది. దాంతో పైకొచ్చి తండ్రి వదిలిపోయిన కొండవాలు పొలం చేసుకోవడం మొదలెట్టాడు. పై సాలులో నడిచేవాడి బూటు కింది సాలులో ఉన్నవాడి టోపీకి తగిలేంత వాలు అది. మంచం పట్టిన తల్లిని చూసుకుంటూ పెళ్లి మాట మర్చిపోయాడు. తల్లి పోయేసరికి యాభై దగ్గరపడింది. మిగిలింది కల్నల్.

కల్నల్ అంటే కంచరగాడిద. ఎల్జీ రక్షణ అంతా దాని డెక్కల కిందే ఉండేది. చలికాలమంతా ఎల్జీ కంటే మంచివాడు ఆ కొండల్లో ఉండేవాడు కాదు. విధవరాళ్లకి కట్టెలు కొట్టి ఇచ్చేవాడు, బల్ల దగ్గర ప్రార్థన చేసి గాని ముద్ద ముట్టేవాడు కాదు. ఏప్రిల్‌లో నాగలి కట్టేవాడు. మొదటి సాలు పూర్తయ్యే లోపే కల్నల్ వెనక్కి ఒక అడుగు వేసేది. వెయ్యడానికి కొండంతా ఖాళీగా ఉన్నా సరిగ్గా ఎల్జీ ఎడమ పాదం మీదే వేసేది. వేసి, అక్కడే నిలబడి, లోయకేసి చూస్తూ ఆలోచనలో పడేది. అప్పుడు ఎల్జీ నోట్లోంచి వచ్చే మాటలకి పక్క కొండ మీద మొక్కజొన్న సగం ఎదిగి ఆగిపోయేది. ఆ సాయంత్రం అతను తల వేలాడేసుకుని ఇంటికొచ్చేవాడు. రక్షణ పోయింది. ఇక ఆగస్టు దాకా ఆగాలి. చివరి దుక్కి అయిపోయి, కంకి పట్టేదాకా పొలంలో పనిలేని రోజుల్లో, తూర్పు గట్టు పాస్టరు లోంజో, చల్లబడ్డ భక్తిని రగిలించే ఉజ్జీవ కూటాలు పెట్టేవాడు. పాపాలు ఒప్పుకుని ఏడ్చేందుకు వేదిక ముందు వేసిన ఏడుపు బల్ల దగ్గరికి అందరికంటే ముందు ఎల్జీ నడిచేవాడు. అతను కదిలితేనే మిగతావాళ్లూ కదిలేవారు. మర్నాడు మడుగు. ఏదీ సగంలో వదిలే మనిషి కాదు లోంజో. పోయిందంటే అంతా పోయినట్టే, మళ్లీ మొదట్నించీ ముంచాల్సిందే అనేవాడు.

ఇలాగే సాగిపోయేది, వెస్టా క్యాబేజీ తోటలో కల్నల్ పడకపోతే.

వెస్టా నోబుల్‌ది వాగుకి ఎదురుగట్టు. పోదోళ్ల ఆడపడుచు, పోదోళ్ల కోడలు. భర్త హైరమ్ పోయి రెండు చలికాలాలైంది. హైరమ్ పన్నెండేళ్లప్పుడు చర్చిలో రక్షణ పొందాడు, ఆ పని అయిపోయింది కదా అని ఆ తర్వాత మళ్లీ అటు చూడలేదు. మిగిలిన జీవితమంతా మొక్కజొన్న సారా కూజాకి అంకితం చేశాడు. కూజాని కౌగిలించుకునే పోయాడు. కౌగిలి విడదీయలేక కూజాతో సహా పూడ్చారని తూర్పు గట్టున చెప్పుకుంటారు.

కల్నల్ కూల్చిన కంచె బాగుచెయ్యడానికి ఎల్జీ వాగు దాటి వెళ్లాడు. పాతాల్సినవి రెండే గుంజలు. చలికాలమంతా పట్టింది. ఏం చేస్తాడు మరి? గుంజ పాతగానే వెస్టా మొక్కజొన్న రొట్టె, చిక్కుడు గింజల పులుసు పెట్టేది. తినగానే ఆ గుంజ వంకరగా కనిపించేది. మర్నాడు పీకేవాడు. ఆపిల్ గుజ్జు పూసిన పొరల కేకు పెట్టిన రోజున రెండూ పీకేశాడు.

మార్చిలో ఒక మధ్యాహ్నం ధైర్యం తెచ్చుకున్నాడు.

"వెస్టా, నేనొకటి అడగనా?"

"నోట్లోది మింగి అడుగు."

మింగాడు. "మనం పెళ్లి చేసుకుందామా?"

వెస్టా పొయ్యి దగ్గర్నించి తిరగను కూడా తిరగలేదు. "ప్రస్తుతం నువ్వు రక్షణలో ఉన్నావా, బయటున్నావా?"

ఎల్జీ నిజాయితీపరుడు. "ఇంకా నాగలి కట్టలేదు కదా. ఉన్నట్టే."

"కడితే?"

"అది కల్నల్‌ని బట్టి."

ఆమె గరిటె పక్కన పెట్టి వచ్చి ఎదురుగా కూర్చుంది. "చూడవయ్యా ఎల్జీ. నాకు నువ్వంటే ఇష్టం లేక కాదు. పొద్దున లోపల, సాయంత్రం బయట ఉండే పిల్లిని పెంచగలను గానీ అలాంటి మగాణ్ణి కట్టుకోలేను. రేప్పొద్దున ఇద్దరం పోతాం. నేను పైన కళ్లు తెరిచేసరికి నువ్వు పక్కనుండాలి. నువ్వు ఏ నెల్లో పోయావు, అప్పటికి దుక్కి అయిందా లేదా, ఆ గాడిద కాలు ఎక్కడుంది అని నేను లెక్కలేసుకుంటూ కూర్చోవాలా?"

"వద్దు."

"అయితే మా వైపు రా. మా సంఘం ముందు సాక్ష్యం చెప్పు. వాళ్లు చేర్చుకుంటే సెప్టెంబర్లో పెళ్లి. చేర్చుకోకపోతే ఆ గుంజలు రెండూ నిటారుగా పాతేసి ఇంటికెళ్లు."

ఎల్జీ సరేనన్నాడు. సంతోషంతో వాగు దాటుతున్నాడు. సగం దాటాక నీళ్ల మధ్య ఆగిపోయాడు. ఒక చల్లటి ఆలోచన బూట్లలోంచి పైకి పాకింది.

పోదోళ్ల మాటే నిజమైతే హైరమ్‌కి కూడా పోలేదు.

అంటే హైరమ్ పరలోకంలోనే ఉన్నాడు. ఎల్జీకి కళ్లకు కట్టినట్టు కనపడింది. తనూ వెస్టా చెయ్యీ చెయ్యీ పట్టుకుని ముత్యాల గుమ్మం దాటి లోపలికి అడుగుపెడతారు. లోపల మంచి ఎండ. అరుగు మీద హైరమ్, టోపీ కళ్ల మీదకి లాక్కుని, కాళ్లు చాపుకుని కూర్చుని ఉంటాడు. టోపీ ఎత్తి చూస్తాడు. "ఏమే వెస్టా, ఇంతాలస్యం? వీడెవడు, సామాను మోసుకొచ్చాడా?" అంటాడు. ఇక ఆ తర్వాత ఎప్పటికీ, అంటే నిజంగా ఎప్పటికీ, అంతే.

అదే తూర్పు గట్టు మాట నిజమైతే హైరమ్‌కి పోయినట్టే. అంత సారాకి ఎవరి చేతిలోంచైనా జారాల్సిందే. అప్పుడు పైన వెస్టా తనొక్కడికే. కానీ ఆ మాట పట్టుకుని కూర్చుంటే కింద వెస్టా దక్కదు. ఈ మాట పట్టుకుంటే కింద దక్కుతుంది, పైన హైరమ్ పాలవుతుంది. ఈ గట్టుకీ ఆ గట్టుకీ మధ్య, మడుగు అంచున మోకాలి లోతు నీళ్లలో ఎల్జీ అలాగే నిలబడ్డాడు. కాళ్ల చుట్టూ చేపలు చేరి తలలు వంచాయి.

ఏప్రిల్‌లో కల్నల్ ఎప్పటిలాగే పాదం తొక్కింది, ఎల్జీ ఎప్పటిలాగే తిట్టాడు. మే నెలలో ఒక శనివారం పోదోళ్ల సంఘం కూర్చుంది. అక్కడ మనిషిని చేర్చుకోవాలంటే చేతులెత్తి ఒప్పుకోవాలి. మగవాళ్లే మాట్లాడాలి. ఆడవాళ్లు అటువైపు బల్లల మీద కూర్చుని వినాలి. పాస్టరు కార్లిస్ డీటన్ మెత్తటి మనిషి. పెద్దల్లో పెద్ద ఆర్బిన్ నోబుల్, చచ్చిపోయిన హైరమ్‌కి అన్న.

"బ్రదర్ ఎల్జీ, నువ్వు రక్షణ పొందింది ఎప్పుడో సంఘానికి చెప్పు," అన్నాడు కార్లిస్.

"ఏసారిది చెప్పమంటారు?"

బల్లల మీద నవ్వులు. కార్లిస్ దగ్గాడు. "మనిషికి ఒక్కసారే, బ్రదర్. ఒకసారి పుట్టినవాడు పుట్టనివాడైపోగలడా? నీకు జరిగినవాటిలో ఒకటి అసలుది. ముందువన్నీ ఉత్తవి, తర్వాతవన్నీ అనవసరం. ఏది అసలుదో చెబితే చాలు."

ఎల్జీ అయోమయంగా చూశాడు. అవన్నీ అతనికి అసలువిగానే ఉన్నాయి. ప్రతిసారీ అంతే ఏడ్చాడు.

ఇక సంఘం ఆ పని తన మీద వేసుకుంది. ఎల్జీ రక్షణల్లో ఏది పట్టుకుందో తేల్చడానికి వాదన మొదలైంది. ఇలాంటి సభ ప్రపంచంలో ఇంకెక్కడా జరిగి ఉండదు, జరిగితే వాళ్లకీ ఇలాంటి వాగే ఉండుండాలి.

"మొదటిదే అసలుది," అని వెనక బల్ల నుంచి ఒకాయన ప్రతిపాదించాడు. "కుర్రతనంలో మనసు మెత్తగా ఉంటుంది."

"మెత్తనా? ఆ తర్వాతి వారమే మా పుచ్చకాయల తోట ఖాళీ చేశాడు," అని ఇంకొకాయన లేచాడు.

"రక్షణ పొందినవాడు పుచ్చకాయ తినకూడదా?"

"తినొచ్చు. నా బండిలో వేసుకెళ్లి నాకే అమ్మకూడదు."

"గని కూలినప్పటిది చూడండి. లోపల్నించి ప్రార్థిస్తూ వచ్చాడు, నేను విన్నా."

"అది భక్తి కాదు, భయం. నీ నెత్తిన కొండ పడితే నువ్వూ ప్రార్థిస్తావు."

"నేనైతే ప్రార్థించను," అన్నాడు అవతలివాడు ఉక్రోషంగా. చర్చిలో ఉన్నట్టు గుర్తొచ్చి వెంటనే కూర్చున్నాడు.

"వాళ్లమ్మ పోయిన ఏడాది?"

ఈసారి ఎల్జీయే నోరు విప్పాడు. "ఆ ఏడాది నేనేం తిట్టలేదండీ. దున్నలేదు కూడా. రక్షణ పోయిందనుకునీ వెళ్లలేదు. ఇంట్లో ఎవరూ లేరు, పాట వినపడింది. వెళ్లి కూర్చున్నా."

కార్లిస్ కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. వ్యవహారం అక్కడితో తేలిపోయేదే. ఆర్బిన్ లేచాడు. ఆర్బిన్ లేస్తే ముందు గడ్డం లేచేది, తర్వాత మనిషి.

"ఎప్పుడు పొందాడన్నది తర్వాత. పోదని నమ్ముతున్నాడా లేదా, అది అడగండి. ఎల్జీ, సూటిగా చెప్పు. ఒకసారి రక్షణ పొందినవాడు ఎలా బతికినా, ఎలా చచ్చినా, రక్షణలో ఉన్నట్టేనా?"

"మీరంతా అలాగే అంటారు కదండీ."

"మా సంగతి కాదు, నీ సంగతి. అయితే మా తమ్ముడు హైరమ్ ఇప్పుడెక్కడున్నాడు?"

ఆడవాళ్ల బల్లల్లో వెస్టా ఒడిలో చేతులు పెట్టుకుని అతన్నే చూస్తోంది. ఎల్జీకి అరుగు మీద హైరమ్ మళ్లీ కనిపించాడు. ఈసారి పక్కన కుర్చీ కూడా ఖాళీగా ఉంచాడు, వెస్టాకి.

"చెప్పవేం రా?" అన్నాడు ఆర్బిన్.

ఎల్జీ నుదురు తుడుచుకున్నాడు. "ఉంటే ఉన్నాడండీ. కానీ... ఏ వైపు కూర్చుంటాడంటారు?"

"ఏంటి?"

"అంటే... పెద్ద చోటు కదా. మరీ గుమ్మం దగ్గరే ఉంటాడా?"

ఎవరికీ అర్థం కాలేదు. వెస్టాకి ఒక్కదానికే అర్థమైంది. ఆమె లేచి నిలబడింది. సంఘంలో ఆడది లేచి నిలబడటం ఆ గోడలు అప్పటిదాకా చూడలేదు. మేకులు వాటంతటవే ఊడి కింద పడ్డాయి.

"ఎల్జీ, అక్కడ పెళ్లిళ్లుండవు. ప్రభువే చెప్పాడు. హైరమ్‌కి నేను చాకిరీ చేసింది ఇక్కడే, అయిపోయింది. పైన నేను ఎవరి పెళ్లాన్నీ కాదు, నీతో సహా. నువ్వు నా పక్కన కూర్చోవాలంటే తొందరగా వచ్చి చోటు పట్టుకో. అంతేగానీ ఆ మనిషిని బయటికి పంపించమని అడక్కు."

"సిస్టర్ వెస్టా..." అన్నాడు కార్లిస్ నీరసంగా.

"కూర్చుంటున్నానయ్యా."

ఎల్జీ మొహం తేటపడింది. "హైరమ్ పరలోకంలో ఉన్నాడు," అన్నాడు గట్టిగా. "ఉండనివ్వండి."

చేతులు లేచాయి. ఆర్బిన్ చెయ్యి ఆఖరున లేచింది, గడ్డం దాకానే. ఎల్జీ స్టాంపర్ రక్షణల్లో ఏదో ఒకటి పట్టుకుందనీ, అదేదో ప్రభువుకే వదిలేస్తున్నామనీ సంఘం తీర్మానించింది. అయితే పోతుందోళ్ల చేతి బాప్తిస్మం బాప్తిస్మమే కాదు కాబట్టి మళ్లీ ముంచాలంది. ముంచారు. అదే మడుగులో. నీళ్లు కూడా అవే. కాకపోతే ఈసారి పడమటి గట్టు నుంచి దిగారు.

జూలైలో చివరి దుక్కి. కల్నల్ వెనక్కి ఒక అడుగు వేసింది.

ఆ రోజు ఎల్జీ అన్న మాటలు గాల్లో ఉండగానే మాడిపోయాయి. మీదుగా పోతున్న కాకి ఒకటి తెల్లబడి దిగింది. అన్నీ అనేసి, పాదం లాక్కుని, సాలులో కూర్చుని ఎల్జీ ఎదురుచూశాడు. ఎప్పుడూ ఆ తిట్ల తర్వాత లోపల ఏదో చప్పున ఆరిపోయేది, ఇంట్లో దీపం కొండెక్కినట్టు. ఈసారి ఏమీ ఆరలేదు. మెడ తిప్పి అటూ ఇటూ చూశాడు. ఎండ కాస్తోంది. కల్నల్ ఆలోచిస్తోంది.

కుంటుకుంటూ వెస్టా దగ్గరికి వెళ్లాడు. "తిట్టాను," అన్నాడు గుమ్మంలోంచే.

"వినపడింది. చేతులు కడుక్కుని రా, రొట్టె చల్లారిపోతోంది."

"పోలేదా?"

"ఏది?"

"రక్షణ."

"పోదు. నీకెన్నిసార్లు చెప్పాలి? మజ్జిగ పొయ్యనా?"

ఎల్జీ తిన్నాడు. రొట్టె బాగుంది, మజ్జిగ బాగుంది. కానీ బొగ్గు గనిలోంచి వచ్చి మొహం కడుక్కోకుండా బల్ల దగ్గర కూర్చున్నట్టుంది. ఎవరూ ఏమీ అనడం లేదు. నల్లగానే కూర్చున్నాడు.

ఆగస్టు వచ్చింది. తూర్పు గట్టున లోంజో కూటాలు మొదలయ్యాయి. గొప్పగా ప్రసంగించాడు, నరకాన్ని వర్ణిస్తూ మూడు చొక్కాలు తడిపేశాడు. ఒక్కరూ లేవలేదు. ఏడుపు బల్ల ఎండి బీటలిచ్చింది. ఆఖరి రోజు పొద్దున లోంజో ఎల్జీ కంచె దగ్గరికి వచ్చాడు.

"ఏం ఎల్జీ, బాగా పట్టేసుకున్నారట గదా నిన్ను అటువైపు? ఇప్పుడు నువ్వు గుర్రాన్ని దొంగిలించినా పరలోకమేనట!"

"గుర్రం నాకెందుకు పాస్టరు గారూ, కల్నల్ ఉందిగా."

"అదేలే. ఆ కల్నల్ ఎన్నాళ్లు మేపింది మన సంఘాన్ని!" లోంజో గొంతు తగ్గించాడు. "ఒరేయ్ అబ్బాయ్, నువ్వు లేవకపోతే ఎవడూ లేవడం లేదురా. ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకుంటున్నారు. నీకు రక్షణ ఉంటే ఉందిలే. ఊరికే ఒకసారి వచ్చి నడిచి పో."

"కుదరదండీ. ఇప్పుడు నేనా బల్ల దగ్గరికొస్తే నాకు పోయిందని నేనే ఒప్పుకున్నట్టు. పోయిందంటే ఎప్పుడూ లేదని వీళ్లంటారు. లేదంటే పెళ్లి లేదు. సెప్టెంబర్లో పెళ్లండీ."

లోంజో నిట్టూర్చి వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రం వెస్టా అరుగు మీద ఇద్దరూ చిక్కుళ్లు వలుస్తున్నారు. ఎదురుగట్టున పాట మొదలైంది, పాపుల్ని బల్ల దగ్గరికి పిలిచే ఆ పాట, నెమ్మదిగా, చరణం తర్వాత చరణం. ఎల్జీ ఎడమకాలు కదిలింది. అదిమి పట్టాడు. కుడికాలు కదిలింది. వెస్టా క్రీగంట చూసింది. "ఏంటయ్యా?"

"దోమలు."

ఇంకో చరణం. ఎల్జీ ఒడిలో చిక్కుళ్లు నేల మీద పడ్డాయి. ఆమె వంగి ఏరి తలెత్తేసరికి కుర్చీ ఖాళీ. మనిషి వాగు మధ్యలో ఉన్నాడు, నీళ్లు చిమ్ముకుంటూ.

వెస్టా నడుముకి కట్టుకున్న వంటగుడ్డలో చిక్కుళ్లతో సహా వెనకే పరుగెత్తింది. చర్చి గుమ్మంలోకి వచ్చేసరికి ఎల్జీ అప్పటికే బల్ల ముందు మోకాళ్ల మీద ఉన్నాడు. ఆమె ఎవరినీ చూడలేదు. నడవాలోంచి తిన్నగా వెళ్లి అతని చెవి పట్టుకుంది.

"లే."

"లేవను."

"నెలరోజుల్లో పెళ్లి పెట్టుకుని ఇక్కడ మోకాళ్లేస్తావా? నీకేం పోయిందని వచ్చావు?"

"ఏమీ పోలేదు."

"మరెందుకు?"

"తిట్టాను కదా వెస్టా. తప్పయిందని ఎవరికో ఒకరికి చెప్పాలి కదా. పోదు పోదు అని మజ్జిగ పోస్తే ఎలా? నాకు చెప్పుకోనివ్వాలి."

నిలబడి లాగితే మనిషి కదలడం లేదు. పట్టు దొరకడానికి వెస్టా కూడా పక్కన మోకాళ్ల మీదకి దిగింది. అంతే. లోంజో చూసింది అదొక్కటే.

"హల్లెలూయా!" అని అరిచాడు. దీపాలు రెపరెపలాడాయి. "చూడండి! పోదోళ్ల ఆడపడుచు! వాగు దాటి, మన బల్ల దగ్గరికి, పాపి పక్కన పాపిగా!"

చర్చి మొత్తం ఒక్కసారిగా లేచింది. పోదోళ్ల మనిషే వచ్చి ఏడుస్తుంటే మనమెంత అనుకున్నారు కాబోలు. ముందు బల్లలవాళ్లు, వెనక బల్లలవాళ్లు, కిటికీల్లోంచి చూస్తున్నవాళ్లు, పాట పాడుతున్నవాళ్లు కూడా. అందరూ వచ్చి మోకాళ్లేశారు. నిలబడ్డది లోంజో ఒక్కడే. చోటు లేక అతను వేదిక మీదే ఉండిపోయాడు.

ఆ గందరగోళం మధ్య వెస్టా ఎల్జీ చెవిలోకి, చెవి చేతిలోనే ఉంది కాబట్టి సులువుగా, అంది: "చెప్పుకోవాలంటే ఇంట్లో చెప్పుకోలేవా?"

"ఇంట్లో బల్లేదీ?"

"ఎందుకు లేదు? మన వంటింట్లో లేదూ, నేను పిండి కలిపే బల్ల? అక్కడ మోకాళ్లేసుకో. నేను పక్కనే ఉంటా. ఎవడొద్దన్నాడు?"

ఎల్జీ ఆమె వైపు తిరిగాడు. మన వంటింట్లో అంది. తిరిగేసరికి చెవి ఇంకాస్త మెలిపడింది.

మర్నాటికి రెండు గట్లూ తలకిందులయ్యాయి. ఆర్బిన్ గడ్డం ముందుకు చాచుకుని వచ్చి, పోతుందోళ్ల బల్ల దగ్గర మోకాళ్లేసినందుకు సిస్టర్ వెస్టా సంఘం ముందు సంజాయిషీ చెప్పాలన్నాడు. "నాది నేను తెచ్చుకోడానికెళ్లా. అదే సంజాయిషీ," అని ఆమె తలుపేసుకుంది. లోంజో ఆమెకి బాప్తిస్మమిస్తానని మడుగు దగ్గర బట్టలు తడుపుకుని సాయంత్రం దాకా నిలబడ్డాడు. చేపలే వచ్చాయి. వీళ్ల పెళ్లి మేం చెయ్యం అని ఈ చర్చి అంది, మేమూ చెయ్యం అని ఆ చర్చి అంది. బ్రషీ వాగు పుట్టాక రెండు గట్లూ ఒక మాట మీద నిలబడింది ఆ ఒక్కసారే.

అయినా ఇప్పటికీ ఈ కొండల్లో ఎక్కడ నలుగురు కూర్చున్నా ఆ సాయంత్రం గురించే చెప్పుకుంటారు. వెస్టా నోబుల్ ఏడుపు బల్ల మీద తల ఆనించి వెక్కి వెక్కి ఏడ్చిందనీ, ఆ కన్నీళ్లకి బల్ల చివురు వేసిందనీ, అది చూసి మనసు కరిగి లోంజో, కార్లిస్ ఇద్దరూ అక్కడికక్కడే చెరో చెయ్యి పట్టుకుని పెళ్లి చేశారనీ, పెళ్లివిందుకి ఆకాశం నుంచి తేనె కురిసిందనీ. ఎల్జీ అరుగు మీద కూర్చుని చెవి తడుముకుంటూ మొత్తం వింటాడు. మధ్యలో అడ్డురాడు. చివర్న మాత్రం చెబుతాడు.

"పెళ్లి కోర్టులో అయింది, గుమాస్తా ముందు. వెస్టా ఏడవలేదు. ఏడ్చింది నేను."